నక్షత్ర కాంతిని చదివిన వైను బప్పు

రోహిణి కార్తె ఎండలు, మృగశిర చినుకులు అంటూ నక్షత్రాల పేర్లతోనే కాలాన్ని లెక్కించుకొనే పావగడ సీమకు ఆకాశం కొత్తది కాదు. ఆ నక్షత్రాల వెలుగును శాస్త్రంగా చదివి దేశానికి కీర్తి తెచ్చిన మహనీయుడు మనాలి కల్లాట్ వైను బప్పు.

ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. అందువల్ల బాల్యం నుండే దూరదర్శిని ఆయనకు ఆటవస్తువైంది. నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1949లో ఇద్దరు సహచరులతో కలిసి కనుగొన్న తోకచుక్కకు ఆయన పేరు కూడా చేరింది.

నక్షత్ర కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీ వర్ణపటం. అందులోని గీతలు ఆ నక్షత్రంలోని మూలకాల జాడలు. ఉష్ణోగ్రత తక్కువగా ఉన్న నక్షత్రాలలో కాల్షియం గీత నడుమ ఒక వెలుగు రేఖ కనిపిస్తుంది. అది ఎంత వెడల్పుగా ఉంటే ఆ నక్షత్రపు సహజ ప్రకాశం అంత అధికమని ఓలిన్ విల్సన్‌తో కలిసి బప్పు 1957లో నిరూపించారు. సూర్యుడిని, రోహిణి దిశలో కనిపించే హయడీస్ గుచ్ఛంలోని తారలను అందుకు కొలబద్దగా గ్రహించారు. సహజ ప్రకాశం తెలిస్తే దూరం తెలుస్తుంది. ఇదే విల్సన్-బప్పు ప్రభావం.

విదేశాలలో స్థిరపడే అవకాశమున్నా ఆయన స్వదేశానికి మరలి వచ్చారు. 1960లో కొడైకెనాల్ వేధశాలకు సంచాలకులయ్యారు. తమిళనాడులోని జవ్వాది కొండలలో, కావలూరు వద్ద అనువైన స్థలాన్ని ఎంపిక చేసి, 1968లో 38 సెంటీమీటర్ల చిన్న దూరదర్శినితో పని ఆరంభింపజేశారు. 1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ స్వయంప్రతిపత్తి పొందింది. పెద్ద దూరదర్శినిని మన దేశంలోనే నిర్మించాలన్నది ఆయన సంకల్పం.

అది పూర్తికాకముందే, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షునిగా ఉండగానే, 1982 ఆగస్టు 19న మ్యూనిక్ నగరంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 55 ఏళ్ళు. 2.34 మీటర్ల ఆ దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టారు.

ఆయన తీర్చిదిద్దిన సంస్థయే నేడు లడఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల దూరదర్శినిని బెంగళూరు సమీపంలోని హోసకోటె నుండి నడుపుతోంది. యువ నక్షత్ర గుచ్ఛాలలో మిణుకుమిణుకుమనే అతి చిన్న తారల వర్ణపటాలను సైతం అది నమోదు చేస్తోంది. తాను చూడలేని వెలుగు కోసం తరువాతి తరానికి కన్నులిచ్చిన ఆ మహనీయుని జీవితం విద్యార్థులకు సదా ఆదర్శం.