మట్టి మర్మం తెలిసిన ఇంజనీరు - డాక్టర్ కె.ఎల్. రావు

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వానతో బతికే మన అనంతపురం సీమలో చెరువుకట్టే ఊరికి ప్రాణం. ధర్మవరం, బుక్కపట్నం వంటి పెద్ద చెరువుల కట్ట తెగిందంటే పోయేది ఒక్క పంట మాత్రమే కాదు. అందుచేత కట్టల విద్యలో దేశానికి పెద్దదిక్కుగా నిలిచిన డాక్టర్ కానూరి లక్ష్మణరావుగారి జీవితం మన విద్యార్థులు తెలుసుకోదగినది.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు ఆగలేదు. మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగు చదివి, రంగూన్‌లో పాఠాలు చెప్పి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. స్వదేశం వచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగానూ, తర్వాత ఢిల్లీలో కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లోనూ పనిచేశారు.

1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌తో ఆయన పేరు ముడిపడిపోయింది. యంత్రాలు తక్కువ, పనిచేసే చేతులు ఎక్కువ ఉన్న దేశంలో కాంక్రీటు కన్న రాతికట్టడమే మేలని ఆయన నమ్మారు. 124 మీటర్ల ఎత్తున రాతి ఆనకట్ట లేచింది. దానికి రెండు ప్రక్కలా ఉన్నవి మట్టికట్టలే.

ఆ మట్టి శాస్త్రంలోనూ ఆయన ఘనులు. 1957 నుండి 1961 వరకు అంతర్జాతీయ మృత్తికా యాంత్రిక శాస్త్ర సంఘానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. మట్టి రేణువుల నడుమ చేరిన నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ కట్ట బలం తగ్గుతుందన్నది ఆ శాస్త్రానికి ఆయువుపట్టు. ఇది ఆనకట్టలకే కాదు, గనులు వదిలిన వ్యర్థాల గుట్టలకూ వర్తిస్తుంది. 1966 అక్టోబర్ 21న వేల్స్ దేశంలోని అబర్‌ఫాన్‌లో నీటి ఊటల మీద పోసిన బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది చనిపోతే అందులో 116 మంది పిల్లలే. మన రామగిరి బంగారు గనులు 2001లో మూతపడినా, గని వదిలిన పొడి ఎక్కడికీ పోదు. వానకు, గాలికి అది కదలకుండా చూడటం కూడా ఇంజనీరు బాధ్యతే.

రావుగారు 1962లో విజయవాడ నుండి లోక్‌సభకు వెళ్ళి, 1963లో కేంద్ర మంత్రివర్గంలో చేరి నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. అదే ఏడు పద్మభూషణ్ వచ్చింది. 1972లో గంగా-కావేరి అనుసంధానం ప్రతిపాదించారు. పాట్నా దగ్గర 60,000 క్యూసెక్కులు తీసుకుని, అందులో చాలా భాగాన్ని 549 మీటర్లు ఎత్తిపోసి, 2,640 కిలోమీటర్ల మేర కరువు నేలలకు నడపాలని ఆ పథకం. ఖర్చు, కరెంటు తలకు మించినవని తేలి అది ఆగిపోయింది. ఎంత పెద్దవారి ఆలోచనకైనా లెక్క తప్పదు మరి!

1986 మే 18న ఆయన కన్నుమూశారు. పులిచింతల జలాశయానికి ఆయన పేరే పెట్టారు.

మిత్రులారా, కట్ట మీద నిలబడి నీరెంత ఉందో అందరూ చూస్తారు. కట్ట దిగువకు వెళ్ళి, అడుగున చెమ్మ ఊరుతోందా అని వంగి చూసేవాడే ఇంజనీరు.