అన్నదమ్ములకు అందని మందు

మన సుగటూరులో బ్యాక్టీరియా జ్వరానికి డాక్టరు డాక్సీసైక్లిన్ రాసిస్తే, అది టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందిన మాత్ర. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. దాన్ని కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనలన్నిటినీ నడిపించింది మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి పోయాక ఇల్లు గడవడమే కష్టమైంది. అయినా తల్లి వెంకమ్మ చదువు మాననివ్వలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ పోయి ఎల్ఎంఎస్ పట్టా మిగిలింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ వ్యాధితో చనిపోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. ఆయన చదివిన వైద్యంలో దానికి మందు లేదు.

1923లో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి కణానికి శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. పేరు మాత్రం ఎక్కువగా ఫిస్కేకే దక్కింది. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని విడదీసి, కృత్రిమంగా తయారుచేసింది.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగుదాం. బ్యాక్టీరియా చొరబడగానే తెల్ల రక్తకణాలు దాని పైపొరను గుర్తుపడతాయి. అంతవరకు ఊరకున్న జన్యువులు కొన్ని గంటల్లోనే పని మొదలుపెడతాయి. వాటి ప్రతుల నుంచి కొత్త ప్రోటీన్లు తయారై తోటి కణాలను పిలుస్తాయి. ఈ పనికి ఏటీపీ ఖర్చవుతుంది. కొత్త కణాలు పుట్టాలంటే డీఎన్ఏ కావాలి, దాని తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. అటు బ్యాక్టీరియాకు కూడా ప్రోటీన్లు కావాలి కదా! టెట్రాసైక్లిన్ దాని రైబోజోముకు అంటుకుని ఆ తయారీని ఆపేస్తుంది. జన్యువులు ఇలా పనిచేస్తాయని సుబ్బారావు నాటికి ఎవరికీ తెలియదు. డీఎన్ఏ నిర్మాణం బయటపడిందే 1953లో.

ఉష్ణమండల స్ప్రూకు ఈనాడు డాక్టర్లు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. ఫోలిక్ ఆమ్లం ఆయన నడిపిన ప్రయోగశాల నుంచి వచ్చిందే, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదీ అక్కడిదే.

ఆరియోమైసిన్ సంగతి 1948 జూలైలో లోకానికి తెలిసింది. కొద్ది వారాలకే, ఆగస్టులో, న్యూయార్కులో ఆయన నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు. బోస్టన్ వెళ్లాక ఇంటికి తిరిగి రానేలేదు.