జార్జి వాషింగ్టను కార్వరు

మన బోగోలు ప్రాంతపు బాలబాలికలలో వేరుసెనగకాయను రుచిచూడనివారుండరు. నేలనంటి పెరిగి, పూవు పైని పూచి, కాయ మన్నులో కాచు నీ మొక్క మొదట మన దేశపుది కాదు; దక్షిణ అమెరికాఖండమునుండి వచ్చినది. ఈ చిన్న కాయ పేరు చెప్పినంతనే అమెరికా విద్యార్థులకు జ్ఞప్తికివచ్చు మహనీయుడొకడు కలడు. ఆయనయే జార్జి వాషింగ్టను కార్వరు. బానిసగా జన్మించి, వ్యవసాయశాస్త్రజ్ఞుడై, నిరుపేద రైతుల గుమ్మములకు విద్యను కొనిపోయిన ఈ నల్లజాతి పండితుని చరిత్రమును మా విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము. ఆయనను గూర్చి ప్రచారమునందున్న కథలలో కొన్ని నిజములు, కొన్ని అతిశయోక్తులు. అతిశయోక్తులను తీసివేసిన తరువాత మిగులు కార్వరే మఱింత గొప్పవాడని మా యభిప్రాయము.

కార్వరు మిస్సోరీ రాష్ట్రమునందు డైమండు అను పల్లెయొద్ద సుమారు 1864వ సంవత్సరమున జన్మించెను. సరియైన జన్మదినము తెలియదు. బానిసల బిడ్డల పుట్టుకలను వ్రాసియుంచువారు ఆ దినములలో అరుదు. ఆయన తల్లి మేరీని మోసెస్ కార్వరు అను రైతు 700 డాలర్లకు కొనియుండెను. ఆ దేశమున అంతర్యుద్ధము జరుగుచుండగా దోపిడికాండ్రు తల్లిని, పసిబిడ్డను ఎత్తుకొనిపోయిరి. మోసెస్ కార్వరు వెదకుటకు మనుష్యుని పంపగా బిడ్డ మాత్రము దొరకెను. అందుకు బహుమానముగా ఒక గుఱ్ఱము నిచ్చెనని చెప్పుదురు. తల్లి జాడ మఱి తెలియలేదు. 1865లో బానిసత్వము రద్దయిన పిదప మోసెస్, అతని భార్య సుసాను ఆ బిడ్డను, అతని యన్న జేమ్సును తమ యింటనే పెంచిరి.

జార్జి చిన్ననాట మిక్కిలి బలహీనుడు. పొలపు పనికి తాళలేనందున ఇంటనుండి వంటయు, కుట్టుపనియు, బట్టలుతుకుటయు నేర్చెను. తీరిక దొరకినప్పుడెల్ల అడవిలో తిరిగి మొక్కలను తెచ్చి నాటి, అవి ఎండలో ఎట్లుండును, నీడలో ఎట్లుండును అని పరీక్షించుచుండెను. ఇరుగుపొరుగువారు వాడిపోవు తమ మొక్కలను చూపి అతనిని మందడుగుచుండిరి. అక్షరములు సరిగా రాకమునుపే ఆ బాలునికి మొక్కల వైద్యుడను పేరు వచ్చెను.

ఆ పల్లెయందలి బడి తెల్లవారి పిల్లలకే. కావున జార్జి సుమారు పండ్రెండేండ్ల ప్రాయమున నడచి నియోషో అను పట్టణము చేరి, నల్లజాతి పిల్లల బడిలో ప్రవేశించెను. మరయా వాట్కిన్సు అను మంత్రసాని అతనికి తన యింట చోటిచ్చెను. నేర్చిన విద్యను తన జాతివారికి పంచవలెనని ఆమె చేసిన బోధను కార్వరు జీవితాంతము మరువలేదు. తరువాత చదువును వెదకుచు కాన్సాసు రాష్ట్రమునందలి ఊరూరను తిరిగి, బట్టలుతికియు, వంటచేసియు పొట్టపోసికొనెను. 1879లో ఫోర్టుస్కాటు పట్టణమున తెల్లవారి గుంపొకటి ఒక నల్లవానిని చంపుటను కన్నులార చూచి, భయపడి ఆ యూరు విడిచెను. ఉన్నతపాఠశాల చదువు ముగించి హైలాండు కళాశాలకు దరఖాస్తు పంపగా వారు ఉత్తరముద్వారా చేర్చుకొందుమనిరి. తీరా అతడు పోయి నిలువగా, శరీరపు రంగు చూచి త్రిప్పిపంపిరి. జన్మమునుబట్టి బడి గుమ్మమునుండి మరలింపబడిన పిల్లల కథ మన దేశమునకు క్రొత్తది కాదు. ఆ బాధ ఎట్టిదో మన పెద్దలలో పలువురెఱుగుదురు. ఆ విధముగా మరలిన పిల్లలలో ఎందఱు కార్వరులు మట్టిలో కలసిపోయిరో లెక్కింపగలవారెవరు?

కార్వరు మాత్రము ఆగలేదు. కొన్నియేండ్లు బీడుభూమిని సాగుచేసి, 1890లో అయోవా రాష్ట్రమునందలి సింప్సను కళాశాలలో చేరి చిత్రలేఖనము నభ్యసించెను. ఆయన వ్రాసిన పూలచిత్రములను చూచిన ఎట్టా బడ్ అను ఉపాధ్యాయిని, మొక్కలయందు ఆయనకు గల శ్రద్ధను గుర్తించి, ఏమ్స్ పట్టణపు వ్యవసాయకళాశాలకు పొమ్మని ప్రోత్సహించెను. 1891లో అచ్చట చేరిన కార్వరు ఆ కళాశాలకు మొదటి నల్లజాతి విద్యార్థి. మొదటి దినములలో తక్కిన విద్యార్థులతోగాక పొలపు కూలీలతో నేలమాళిగలో భుజింపవలసివచ్చెను. 1894లో పట్టమును, 1896లో పై పట్టమును పొంది, ఆ కళాశాలయందే మొదటి నల్లజాతి బోధకుడయ్యెను. మొక్కల తెగుళ్లకు కారణమగు బూజుజాతులయందు ఆయన విశేషప్రజ్ఞ గడించెను. ఆ దినములలో ఒక ఆచార్యుని కుమారుడు ఆయన వెంట పొలములలో తిరిగి మొక్కల పేరులు నేర్చుచుండెను. ఆ బాలుడే 1941 మొదలు 1945 వఱకు అమెరికా ఉపాధ్యక్షుడుగా నుండిన హెన్రీ వాలెసు.

1896లో బుకర్ టి. వాషింగ్టను ఆయనను అలబామా రాష్ట్రమునందలి టస్కేజీ విద్యాలయమునకు పిలిచెను. అది నల్లజాతివారి కొఱకు నల్లజాతివారే నడుపు సంస్థ. ఏమ్స్‌నందు సుఖముగా నుండదగిన కార్వరు ఆ పిలుపు నందుకొని వెడలెను. మరణము వఱకు, నలువదియాఱేండ్లు, అచ్చటనే యుండెను. పోయిచూడగా ప్రయోగశాల లేదు, పనిముట్లు లేవు. శిష్యులతో చెత్తకుప్పలను వెదకి, పాత సీసాలు, పగిలిన గిన్నెలు, తీగెలు ఏరితెచ్చి, వానితోనే ప్రయోగశాలను సిద్ధపఱచెను.

అచ్చటి నేలయు నట్టిదే. తరతరములుగా పత్తి తప్ప మఱియొక పంట వేయక ఆ భూమి సారము గోల్పోయెను. పాలికి సేద్యముచేయు నల్లజాతి రైతు విత్తనములు మొదలు తిండిగింజల వఱకు అంగడిలో అరువు తెచ్చి, పంట రాగానే అంతయు అప్పుక్రింద చెల్లించి, మరుసటి యేడు మఱల అరువునకే పోవుచుండెను. బానిసత్వము చట్టమున పోయినను అప్పురూపమున నిలిచియుండెను. అందువలన ఆ రైతుకు ఖరీదైన ఎరువులను గూర్చి చెప్పి ప్రయోజనములేదని కార్వరు గ్రహించెను. డబ్బు లేక చేయదగినదేదియో దానినే చెప్పవలెను.

అలసంద, వేరుసెనగ మొదలగు కాయజాతి మొక్కల వేళ్లయందు చిన్న బుడిపెలుండును. వానియందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు ఆహారముగా మార్చును. ఈ సత్యమును అంతకు కొలదియేండ్లకు పూర్వమే జర్మను శాస్త్రజ్ఞులు నిరూపించియుండిరి. కార్వరు దానిని కనిపెట్టలేదు. పేదవాని పొలములోనికి దించెను. ఒక యేడు పత్తి, మఱియొక యేడు అలసందయో వేరుసెనగయో వేయుడనియు, ఆకులు, పెంట, బురదమట్టి కుళ్లవేసి ఎరువు చేసికొనుడనియు బోధించెను. పచ్చిరొట్టకు జనుము, జీలుగ దున్నువారికిని, వేసవిలో చెఱువుమట్టి పొలమునకు తోలువారికిని ఈ విద్య వింతగా తోచదు. మన తాతలు అనుభవమువలన ఎఱిగినదానికి ఆయన శాస్త్రకారణమును చూపెను.

ఆయన 1898 మొదలు 1943 వఱకు 44 చిన్న పుస్తకములను ప్రకటించెను. మొదటిది అడవిలో ఊరక రాలు ఓకుకాయలను పశువులకు మేతగా నుపయోగించుటను గూర్చినది. 1916లో వెలువడిన 31వది వేరుసెనగను పండించు విధమును, దానితో 105 వంటకములు చేయు విధమును తెలుపును. గృహిణి వంటయింట పెట్టుకొని చదువదగినంత సులభమైన భాష అది. చదువురాని రైతుల మాట యేమి? వారి కొఱకు 1906లో గుఱ్ఱపుబండియందు పనిముట్లు, విత్తనములు అమర్చి పల్లెలకు పంపు నేర్పాటు జరిగెను. ధనమిచ్చిన న్యూయార్కు దాత మోరిస్ జెసప్ పేరిట దానిని జెసప్ బండి యనిరి. కార్వరు శిష్యుడైన థామస్ కాంబెల్ దానిని పల్లెపల్లెకు నడపెను. రైతు బడికి రాలేకున్న బడియే రైతువద్దకు పోవలెనను ఈ యాలోచన ఆయన పనులన్నిటిలో శ్రేష్ఠమని మేము తలంచుచున్నాము.

ఇంతలో పత్తికాయలను తొలుచు ముక్కుపురుగు దక్షిణరాష్ట్రములను ముంచెత్తెను. పత్తినే నమ్మినవారు నష్టపడి వేరుసెనగవైపు మరలిరి. యుద్ధకాలమున నూనెలకు కలిగిన గిరాకియు ఆ పంటకు తోడ్పడెను. 1921లో వేరుసెనగ వర్తకులు కార్వరును శాసనసభాసంఘము నెదుటికి పంపిరి. పది నిమిషములు మాత్రమే మాటాడుటకు సెలవిచ్చి, కొందఱు పరిహసించిరి. ఆయన శాంతముగా తన పెట్టెనుండి వేరుసెనగతో చేసిన పాలు, పిండివంటలు మొదలగువానిని ఒక్కొక్కటిగా తీసి చూపగా, సభ్యులే కాలము పొడిగించుచు వినిరి. ఆ దినమునుండి ఆయన పేరు దేశమంతట వ్యాపించెను.

కీర్తితోపాటు కల్పనలును పెరిగెను. వేరుసెనగవెన్నను ఆయన కనిపెట్టెనని పలువురందురు; అది నిజము కాదు. వేరుసెనగనుండి మున్నూఱు వస్తువులు చేసెనందురు; వానిలో వర్తకమునకు వచ్చినవి మిక్కిలి కొలది. ఆయన పొందిన పేటెంట్లు మూడే. ప్రయోగముల వివరములను వ్రాసియుంచుటయందు ఆయన శ్రద్ధ చాలదు. కోళ్లపెంపక విషయమై బుకర్ వాషింగ్టనుతో పలుమారులు చిక్కులు పడెను. ఈ లోపములను దాచనక్కఱలేదు. ఆయన గొప్పతనము సీసాల సంఖ్యలో లేదు. ఆకలిగొన్న రైతు తన పెరటినుండియే పోషణ పొందగలడని నిరూపించుటలో నున్నది.

పాత కోటు, దాని గుండీరంధ్రమున తాజా పూవు, ఇదియే ఆయన యలంకారము. వివాహమాడలేదు, జీతము హెచ్చింపుమని కోరలేదు. ఆదివారములందు విద్యార్థులకు బైబిలు పాఠము చెప్పుచుండెను. గాంధీమహాత్మునితో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. కూడబెట్టిన సుమారు 60 వేల డాలర్లను తన పేరిట 1940లో ఏర్పడిన పరిశోధనసంస్థకు సమర్పించెను. 1943 జనవరి 5వ తేదీన మరణించి, టస్కేజీయందు బుకర్ వాషింగ్టను ప్రక్కనే సమాధి చేయబడెను. ఆ సంవత్సరమే ఆయన జన్మస్థలమును అమెరికా ప్రభుత్వము జాతీయస్మారకముగా ప్రకటించెను. అధ్యక్షపదవి నధిష్ఠింపనివానికి అట్టి గౌరవము దక్కుట అదియే మొదలు.

విద్యార్థులారా, ఈ చరిత్రమునుండి మీరు గ్రహింపవలసినది, కష్టపడినవారెల్ల కీర్తి పొందుదురని కాదు. కష్టపడియు గుమ్మము తెఱవబడక మరలినవారు అనేకులు. కార్వరుకు ఒక మంత్రసాని చోటిచ్చెను, ఒక ఉపాధ్యాయిని దారి చూపెను, ఒక కళాశాల తలుపు తెఱచెను. తెఱచినవారి ఋణమును ఆయన తెఱచియే తీర్చెను. మీలో రైతుబిడ్డలు, కూలీల బిడ్డలు పెక్కుమంది కలరు. మీరు నేర్చుకొను శాస్త్రమును సాయంకాలము ఇంటికి కొనిపోయి, చదువుకొనని తల్లిదండ్రులకు అర్థమగు మాటలలో చెప్పి చూడుడు. చెప్పలేకపోయినచో దానిని మీరింకను నేర్చుకొనలేదన్నమాట. చెప్పగలిగితిరా, కార్వరు నడచిన త్రోవలో మొదటి యడుగు వేసినవారగుదురు.