మందు దొరికినా దక్కని ప్రాణం

'యానిమల్ ఫామ్' రాసిన జార్జ్ ఆర్వెల్ పుట్టింది మన దేశంలోనే. 1903లో, బీహార్‌లోని మోతీహారిలో. తండ్రి నల్లమందు శాఖ ఉద్యోగి. అసలు పేరు ఎరిక్ బ్లెయిర్. పసివాడిగా ఉండగానే తల్లి ఇంగ్లండ్ తీసుకెళ్లిపోయింది. పెద్దయ్యాక బర్మాలో పోలీసు ఉద్యోగం చేసి, అది మానేసి రచనలో పడ్డారు.

1947 చివర్లో క్షయ బయటపడింది. అప్పటికి స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టి నాలుగేళ్లే. బ్రిటన్‌లో దొరకడం గగనం. మిత్రుడు డేవిడ్ ఆస్టర్ సాయంతో అమెరికా నుంచి తెప్పించారు. క్షయ క్రిమిలో ప్రోటీన్లు తయారయ్యే చోటును ఈ మందు పట్టుకుంటుంది. తప్పుడు ప్రోటీన్లు తయారై క్రిమి చస్తుంది. మొదట్లో గుణం కనిపించింది. కానీ ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు, జుట్టు రాలడం, గోళ్లు ఊడడం! దాదాపు యాభై రోజులకే ఆపేశారు. మిగిలింది వేరే రోగులకిచ్చారు. అంత ఖరీదు మందు పారబోయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

నిజానికి ఆపకపోయినా, ఆ ఒక్క మందుతో చాలామందికి చిక్కే వచ్చేది. ఊపిరితిత్తి పుండులో కోట్ల క్రిములుంటాయి. జన్యువుల్లో మార్పు వల్ల ఏ కొన్నో ముందే మందుకు లొంగనివై ఉంటాయి. మిగతావి చచ్చాక అవే పెరిగి పుండంతా నిండుతాయి. 1948లో వెలువడిన బ్రిటన్ వైద్య పరిశోధన మండలి పరీక్షలో ఇదే తేలింది. మందు తీసుకున్న 55 మందిలో ఆరు నెలల్లో పోయింది నలుగురే. అయిదేళ్లకు ఆ లెక్క 32కి చేరింది.

ఆర్వెల్ మాత్రం జురా దీవిలో మంచం మీదే టైపు కొట్టి '1984' పూర్తిచేశారు. 1949లో మళ్లీ మందిస్తే ఒంటికి పడలేదు. 1950 జనవరి 21న, 46 ఏళ్లకే లండన్‌లో కన్నుమూశారు. పాస్ అనే మందును స్ట్రెప్టోమైసిన్‌తో కలిపిస్తే క్రిమి మొండికేయడం బాగా తగ్గుతుందని పూర్తి నివేదిక వెలువడింది ఆ ఏడాదే. ఆస్పత్రిలో పడుకోబెట్టకుండా ఇంట్లోనే మందులిచ్చి క్షయ నయం చేయొచ్చని 1959లో లోకానికి చూపింది మద్రాసు.