ఆటల లోకాల వెనుక ఒక విశ్వాసి: జె.ఆర్.ఆర్. టోల్కీన్ జీవితం



మన ఇళ్లలో పిల్లలు ఆడే ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేములను మీరూ చూసే ఉంటారు. ఆటలో ఒక కొత్త ఊరికి వెళ్తే అక్కడ పాడుబడిన కోట ఒకటి ఉంటుంది. దాన్ని కట్టిన రాజవంశానికి ఒక చరిత్ర ఉంటుంది. గోడల మీద వింత లిపి, అల్మారాల్లో పాత పుస్తకాలు కనిపిస్తాయి. ఆట గెలవడానికి వీటిలో చాలావాటితో పని లేదు. అయినా పిల్లలు ఆగి ఓపికగా చదువుతారు. ఈ వెనుక కథనే గేమర్లు లోర్ అంటారు. దాన్ని తయారు చేసే పనికి వరల్డ్ బిల్డింగ్ అని పేరు.

ఈ పనికి దారి వేసినవారిలో ముందుగా చెప్పుకోవలసిన వ్యక్తికి వీడియో గేములతో ఏ సంబంధమూ లేదు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు భాష బోధించిన ప్రొఫెసర్, నలుగురు పిల్లల తండ్రి, జీవితాంతం ప్రభువును నమ్ముకున్న కాథలిక్ విశ్వాసి. ఆయనే జె.ఆర్.ఆర్. టోల్కీన్ గారు.

తల్లి ఇచ్చిన ఆస్తి

టోల్కీన్ 1892 జనవరి 3న దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్‌లో పుట్టారు. తండ్రి ఆర్థర్ అక్కడ బ్యాంకు మేనేజరు. ఇంట్లో అందరూ పిల్లవాడిని రోనాల్డ్ అని పిలిచేవారు. మూడేళ్ల వయసులో తల్లి మేబెల్, తమ్ముడు హిలరీతో కలిసి ఇంగ్లండు వచ్చాడు. వెనుకే రావలసిన తండ్రి 1896లో అక్కడే జబ్బుచేసి చనిపోయాడు. తల్లి బర్మింగ్‌హామ్ దగ్గర సేర్‌హోల్ అనే పల్లెలో కాపురం పెట్టి పిల్లలకు తానే చదువు చెప్పింది. లాటిన్ నేర్పింది, మొక్కల పేర్లు నేర్పింది. భాషల మీద, చెట్ల మీద ఆయనకున్న ప్రేమ ఆమె దగ్గరే మొదలైంది.

1900లో మేబెల్ కాథలిక్ సంఘంలో చేరింది. అది నచ్చని బంధువులు డబ్బు సాయం ఆపేశారు. ఆమె వెనక్కి తగ్గలేదు. మధుమేహంతో 1904లో కన్నుమూసేటప్పటికి ఆమె వయసు 34. ఇన్సులిన్ కనుగొనడానికి ఇంకా చాలా ఏళ్లు ఉంది. పన్నెండేళ్లకే తల్లీ తండ్రీ లేనివాడైన రోనాల్డ్‌ను, అతని తమ్ముణ్ణి ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్ అనే గురువు బాధ్యత తీసుకుని పెంచారు. విశ్వాసం కోసం తన తల్లి ప్రాణమే పెట్టిందని టోల్కీన్ జీవితాంతం నమ్మారు. కష్టకాలంలో ఆయన విశ్వాసం నిలబడడానికి ఆ నమ్మకం పెద్ద ఆధారమైంది.

ముందు భాష, తరువాత లోకం

చిన్నప్పటి నుంచే ఆయనకు కొత్త భాషలు కల్పించే అలవాటు ఉంది. పెద్దయ్యాక ఫిన్నిష్ భాష చూసి ముచ్చటపడి క్వెన్యా అనే భాషను, వెల్ష్ భాష వినసొంపును తీసుకుని సిండరిన్ అనే భాషను తయారు చేశారు. రెండూ ఎల్ఫ్‌లు మాట్లాడే భాషలు. భాష గాలిలో బతకదని భాషాశాస్త్రం చదివిన ఆయనకు తెలుసు. దాన్ని మాట్లాడే జనం కావాలి, వాళ్లకు ఊళ్లు, యుద్ధాలు, వలసలు, పాటలు కావాలి. ఒక మాట ఎందుకు మారిందో చెప్పాలంటే ఆ జనానికి ఏం జరిగిందో చెప్పాలి. అలా భాషల కోసం ఒక లోకం పుట్టింది. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ల మాటలో చెప్పాలంటే, తెర మీద కనిపించే భాగం కంటే చాలా ముందే ఆయన డేటాబేస్ కట్టేశారు.

ఆ లోకం కథలు కాగితం మీదికి వచ్చింది మాత్రం కన్నీళ్ల మధ్యలో. 1916 మార్చిలో ఆయన తన చిరకాల స్నేహితురాలు ఈడిత్ బ్రాట్‌ను పెళ్లి చేసుకున్నారు. కొద్ది నెలలకే సైన్యంలో సిగ్నల్స్ ఆఫీసరుగా ఫ్రాన్స్‌కు వెళ్లి సోమ్ యుద్ధంలో పాల్గొన్నారు. బడిలో నలుగురు స్నేహితులు ఒక జట్టుగా ఉండేవారు. వారిలో రాబ్ గిల్సన్ జులై 1న, జెఫ్రీ స్మిత్ డిసెంబరులో చనిపోయారు. ట్రెంచ్ ఫీవర్ సోకి ఇంగ్లండు తిరిగి వచ్చిన టోల్కీన్, కోలుకుంటున్న రోజుల్లో గోండోలిన్ అనే నగరం కూలిపోయిన కథ రాయడం మొదలుపెట్టారు. తరువాత వచ్చినదంతా ఆ పునాది మీదే లేచింది.

ఒక రాత్రి నడక

1925లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ సి.ఎస్. లూయిస్‌తో స్నేహం కుదిరింది. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి టోల్కీన్, లూయిస్, హ్యూగో డైసన్ కాలేజీ తోటలో నడుస్తూ చాలాసేపు మాట్లాడుకున్నారు. లూయిస్‌కు పురాణ కథలంటే ప్రాణం, కానీ అవి అబద్ధాలని ఆయన అభిప్రాయం. క్రీస్తు కథ కూడా అలాగే హృదయాన్ని కదిలించేదే గానీ, అది చరిత్రలో నిజంగా జరిగిందని టోల్కీన్ వాదించారు. కొద్ది రోజులకే లూయిస్ క్రీస్తును అంగీకరించారు. మన సంఘాల్లో ఎంతోమంది చదివే లూయిస్ పుస్తకాల వెనుక ఆ రాత్రి ఉంది.

కల్పన గురించి టోల్కీన్‌కు ఒక స్పష్టమైన ఆలోచన ఉండేది. దేవుడు సృష్టికర్త. ఆయన స్వరూపంలో చేయబడిన మనిషి కూడా ఏదో ఒకటి సృజించాలని కోరుకుంటాడు. కాబట్టి కల్పిత లోకాన్ని శ్రద్ధగా నిర్మించడం దేవునితో పోటీ కాదు, ఆయన ఇచ్చిన వరాన్ని వాడుకోవడమే. అందుకే ఆయన లోకం కూడా ఏకైక సృష్టికర్తతోనే మొదలవుతుంది. ఆ సృష్టి సంగీతంతో మొదలవుతుంది, ఒకడి గర్వం దానిలో అపశ్రుతి తెస్తుంది.

పన్నెండేళ్ల శ్రమ

ఆయన తన పిల్లలకు చెప్పిన కథ 1937లో ది హాబిట్ పుస్తకంగా వచ్చింది. ప్రచురణకర్త ఇంకో కథ కావాలన్నాడు. ఆ ఏడాది డిసెంబరులో మొదలైన ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ పూర్తవడానికి సుమారు పన్నెండేళ్లు పట్టింది. మధ్యలో మరో ప్రపంచయుద్ధం, కాలేజీ పని, ఇంటి ఖర్చులు. టైపిస్టుకు ఇచ్చే స్తోమత లేక అంత పెద్ద పుస్తకాన్నీ తానే టైపు చేసుకున్నారు. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని రోజుల నడక, ఏ రాత్రి చంద్రుడు ఎలా ఉన్నాడు అన్నవి కూడా సరిచూసుకున్నారు. లూయిస్ ప్రోత్సాహం లేకపోతే అది పూర్తయ్యేదే కాదని ఆయనే అనుకున్నారు. 1954, 55 సంవత్సరాల్లో అది మూడు సంపుటాలుగా వచ్చింది. చివర వంశావళులు, కాలపట్టికలు, లిపులు కూడా చేర్చారు.

మంత్రాలు, దయ్యాలు ఉన్న కథ మనకెందుకని కొందరు పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ కథలో అందరూ కోరుకునే ఉంగరం ఇతరులను లోబరుచుకునే అధికారానికి గుర్తు. మంచి పనికి వాడాలన్నా అది వాడినవాడినే చెడగొడుతుంది. దాన్ని నాశనం చేయడానికి వెళ్లిన ఫ్రోడో చివరి అడుగులో ఓడిపోతాడు. అంతకుముందు అతడు శత్రువు మీద చూపిన కనికరమే చివరికి అందరినీ కాపాడుతుంది. ఉంగరం నాశనమైన తేదీ మార్చి 25. ప్రభువు పుట్టుక గురించి మరియకు దూత వర్తమానం తెచ్చిన దినంగా సంఘం పాటించే రోజది.

ఆటల్లోకి వచ్చిన లోకం

1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట అమెరికాలో వచ్చింది. దానికి ఇతర రచయితల ప్రభావమూ ఉంది. కానీ మొదటి ముద్రణలో హాబిట్లు ఆ పేరుతోనే ఉన్నారు. హక్కుదారుల అభ్యంతరం వల్ల తరువాత హాఫ్‌లింగ్‌లుగా మారారు. ఆ ఆట చూసి యూనివర్సిటీ విద్యార్థులు కంప్యూటర్ గేములు రాశారు. మోరియా, అంగ్‌బాండ్ అనే పాత గేముల పేర్లు టోల్కీన్ పటంలోవే. 2002లో వచ్చిన మారోవిండ్ వంటి గేములో ఆటగాడు పుస్తకాలు తెరిచి చదువుతుంటే, కథకు ముందే లోకం ఉండాలన్న ఆయన పద్ధతే అక్కడ కనిపిస్తుంది.

టోల్కీన్ ఇవేవీ చూడలేదు. 1971లో ఈడిత్, 1973 సెప్టెంబరు 2న ఆయన ప్రభువునందు నిద్రించారు. యాభై ఏళ్లకు పైగా రాసిన ప్రాచీన గాథలు పూర్తికాకుండానే మిగిలాయి. చిన్న కొడుకు క్రిస్టఫర్ ఆ చిత్తుప్రతులు సరిచేసి 1977లో సిల్మరిల్లియన్ ప్రచురించాడు. తరువాత కూడా దశాబ్దాలపాటు తండ్రి కాగితాల మీదే పనిచేశాడు.

పని పూర్తికాదేమోనన్న భయం టోల్కీన్‌కు ముందునుంచే ఉంది. 1945లో అచ్చయిన ఒక చిన్న కథలో నిగిల్ అనే చిత్రకారుడు ఒక చెట్టు బొమ్మ గీస్తుంటాడు. పొరుగువాడి అవసరాలకు పరుగెత్తుతూ దాన్ని ముగించలేక ప్రయాణమైపోతాడు. వెళ్లిన చోట ఆ చెట్టు పూర్తిగా, సజీవంగా అతనికి ఎదురవుతుంది.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో గేము ఆడుతుంటే పక్కన కాసేపు కూర్చోండి. ఆ కోట ఎవరు కట్టారని, ఆ లోకంలో మంచి చెడులను ఎవరు నిర్ణయిస్తారని అడగండి. వాళ్లు చెప్పింది విన్నాక, తల్లి విశ్వాసాన్ని ఆస్తిగా పొందిన ఒక అనాథ పిల్లవాడి సంగతి చెప్పండి. ప్రభువు మన పిల్లల ఊహలను కూడా తన మహిమ కొరకు వాడుకొనును గాక. ఆమేన్.