సర్టిఫికెట్ ఒక్కటే చాలదని చూపిన నర్సు మేరీ మహోనీ

అమెరికాలో నర్సింగ్ శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్ అందుకున్న తొలి నల్లజాతి మహిళ మేరీ ఎలిజా మహోనీ. 1845లో బోస్టన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు బానిసత్వం నుంచి బయటపడి నార్త్ కరోలినా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవారు.

నర్సు కావాలన్నది ఆమెకు చిన్న వయసు నుంచే ఉన్న కోరిక. కానీ నల్లజాతి అమ్మాయిని చేర్చుకునే చోటే లేదు. బోస్టన్‌లో మహిళా డాక్టర్లు నడిపే ఒక దవాఖానాలో చేరి వంట చేశారు, బట్టలు ఉతికారు, గదులు తుడిచారు. అలా 15 ఏళ్లు గడిచాయి. చివరికి 1878లో, 33 ఏళ్ల వయసులో, అదే దవాఖానా నర్సింగ్ స్కూల్లో సీటు దొరికింది. 16 నెలల కోర్సు. తెల్లవారుజామున మొదలైతే రాత్రి దాకా పనే. చాలామంది మధ్యలోనే మానేశారు. మహోనీ మాత్రం 1879లో సర్టిఫికెట్ చేతపట్టుకునే బయటికి వచ్చారు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి సంపన్నుల ఇళ్లలో రోగులకు సేవ చేశారు. ఆ ఇళ్లలో నల్లజాతి నర్సునూ పనిమనిషినీ ఒకే గాటన కట్టేవారు. అందుకే మహోనీ పనివాళ్లతో కలిసి కాకుండా విడిగా భోంచేసేవారు. ఆ పనులంటే చులకన ఉండి కాదు, పదిహేనేళ్లు తాను చేసినవే కదా! నర్సు పని వేరు, దానికి చదువు కావాలి అన్నది వాళ్లకు తెలియాలని. ఓర్పుతో, నేర్పుతో పనిచేస్తారని ఎంత పేరొచ్చిందంటే, ఇతర రాష్ట్రాల నుంచి కూడా పిలుపులొచ్చేవి.

అయితే ఒక్కరికి పేరొస్తే మిగతావారికి తలుపులు తెరుచుకోవు. దేశవ్యాప్త నర్సుల సంఘంలో చేరాలంటే చాలామందికి రాష్ట్ర సంఘమే దారి. దక్షిణాది రాష్ట్ర సంఘాలేమో నల్లజాతి వారిని రానిచ్చేవి కావు. మహోనీకి జాతీయ సంఘంలో ముందే సభ్యత్వం దొరికింది. తన పని అయిపోయిందని ఆమె ఊరుకోలేదు.

మార్తా ఫ్రాంక్లిన్ అనే నర్సు వందలాది ఉత్తరాలు రాసి తోటి నల్లజాతి నర్సులను కదిలించారు. 1908లో 52 మంది న్యూయార్క్‌లో కూడి సొంత సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది బోస్టన్‌లో జరిగిన తొలి మహాసభలో స్వాగతోపన్యాసం ఇచ్చింది 64 ఏళ్ల మహోనీయే. నర్సింగ్ చదువులో అసమానతల గురించి ఆమె సూటిగా మాట్లాడారు. సంఘం ఆమెకు జీవితకాల సభ్యత్వం ఇచ్చి గౌరవించింది.

1926లో మహోనీ కన్నుమూశారు. కానీ సంఘం ఆగలేదు. ఉద్యోగాలు వెతుక్కునే నర్సులకు దారి చూపింది, చదువుల కోసం పోరాడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం నల్లజాతి నర్సులను కొద్దిమందినే తీసుకునేది. సంఘం ఒత్తిడితో 1945లో ఆ పరిమితి పోయింది. 1948లో అమెరికన్ నర్సుల సంఘం, రాష్ట్ర సంఘాలు కాదన్నవారికి నేరుగా సభ్యత్వం ఇచ్చే ఏర్పాటు చేసింది. ఇక వేరే సంఘం అక్కర్లేదని 1951లో రెండూ ఒక్కటయ్యాయి. మహోనీ పేరిట 1936లో మొదలైన అవార్డును ఆ తర్వాత అమెరికన్ నర్సుల సంఘం కొనసాగించింది.

భారతదేశంలో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఏర్పడిందీ ఆ 1908లోనే. నేడు మన ఇళ్లలోనూ నర్సింగ్ చదివే అమ్మాయిలున్నారు. ఫీజు ఎంత, జీతం ఎంత అని అడిగే పెద్దలు, చదువయ్యాక ఏ సంఘంలో చేరతావమ్మా అని కూడా అడగడం మంచిది. సర్టిఫికెట్ మహోనీకి పని తెచ్చిపెట్టింది. ఆమె తర్వాత వచ్చినవారికి హక్కు తెచ్చిపెట్టింది మాత్రం సంఘమే.