గ్రీన్‌హౌస్ విద్యార్థి జార్జ్ వాషింగ్టన్ కార్వర్

క్విజ్ పోటీల్లో వేరుశనగ శాస్త్రవేత్త ఎవరని అడిగితే జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అని టక్కున చెప్పేస్తాం. పీనట్ బటర్ కనిపెట్టింది కూడా ఆయనేనని కొందరు కలుపుతారు, అది నిజం కాదు. వేరుశనగ ఆయన జీవితంలోకి వచ్చింది నలభై ఏళ్ల వయసు ప్రాంతంలో. వృక్షశాస్త్రం పీజీ చదువుతున్న మేము ఈ సంచికలో చెప్పాలనుకున్నది అంతకు ముందు సంగతి. హాస్టల్ గది కూడా దొరకని ఒక విద్యార్థి కాలేజీ గ్రీన్‌హౌస్‌లో ఏం నేర్చుకున్నారు, నేర్చుకున్నాక ఏం చేశారు అన్నది.

కార్వర్ 1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, డైమండ్ గ్రోవ్ దగ్గర జన్మించారు. తల్లి మేరీ, మోజెస్ కార్వర్ అనే రైతు దగ్గర బానిస. ఇంటిపేరు కూడా ఆ యజమానిదే. పుట్టిన తేదీ ఎవరూ రాసి పెట్టలేదు. (మా ఇళ్లలో పెద్దవాళ్లకూ బడిలో అయ్యవారు వేసిందే పుట్టిన తేదీ.) పసివాడిగా ఉండగానే దోపిడీ ముఠా ఒకటి తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయింది. మోజెస్ మనిషిని పంపి వెతికిస్తే బిడ్డ ఒక్కడే దొరికాడు. ఆ బిడ్డ కోసం ఒక గుర్రాన్ని ఇచ్చారని చెబుతారు. తల్లి జాడ మళ్లీ తెలియలేదు.

బానిసత్వం రద్దయ్యాక మోజెస్, ఆయన భార్య సుసాన్ ఆ పిల్లవాడిని పెంచారు. ఒంట్లో బలం లేదని పొలం పనికి పంపకుండా వంట, ఉతుకు, కుట్టుపని నేర్పారు. ఈ పనులే తర్వాత ఆయన ఫీజులు కట్టాయి. ఖాళీ దొరికితే అడవిలోకి వెళ్లి మొక్కలు తెచ్చి నాటేవారు. ఇరుగుపొరుగువాళ్లు వాడిపోతున్న మొక్కలను ఆయనకే చూపించేవారు. దగ్గరి బడిలో నల్లపిల్లలకు చోటు లేదు కాబట్టి నియోషో అనే ఊరికి నడిచి వెళ్లి, మరియా వాట్కిన్స్ అనే నల్లజాతి మహిళ ఇంట్లో పనిచేస్తూ చదివారు. తర్వాత కాన్సాస్ రాష్ట్రంలో ఊరూరా తిరుగుతూ చదువు సాగించారు.

1885లో కాన్సాస్‌లోని హైలాండ్ కాలేజీ ఉత్తరం ద్వారా సీటు ఇచ్చింది. తీరా అక్కడికి వెళ్లాక ఒంటి రంగు చూసి పొమ్మన్నది. ఆ దెబ్బకు ఆయన కొన్నేళ్లు చదువు ఊసెత్తలేదు. నెస్ కౌంటీలో ప్రభుత్వం ఇచ్చే భూమి తీసుకుని, గడ్డి పెళ్లలతో ఇల్లు కట్టుకుని సేద్యం చేశారు. విచిత్రమేమిటంటే, చెట్టూ చేమా లేని ఆ మైదానంలో కూడా మొక్కల కోసం చిన్న ఇల్లు ఏర్పాటు చేసుకున్నారు. ఏ గురువూ లేకుండా నడిపిన ఆయన మొదటి గ్రీన్‌హౌస్ అదేనని మేము అనుకుంటాం.

1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కాలేజీలో చిత్రలేఖనం విద్యార్థిగా చేరారు. బట్టలు ఉతికి పొట్ట పోసుకున్నారు. ఆయన గీసే బొమ్మలన్నీ మొక్కలే కావడం టీచరు ఎట్టా బడ్ గమనించారు. ఆమె తండ్రి ఏమ్స్ పట్నంలోని వ్యవసాయ కళాశాలలో ఉద్యాన శాస్త్ర ప్రొఫెసర్. ఆమె ప్రోత్సాహంతో 1891లో కార్వర్ అక్కడ చేరారు. ఆ కళాశాలలో మొట్టమొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. హాస్టల్లో గది ఇవ్వలేదు, ఒక ఆఫీసు గదిని ఖాళీ చేసి ఇచ్చారు. భోజనం కింది అంతస్తులో, పనివాళ్లతో పాటు. వేరే పంక్తి అంటే ఏమిటో మన తాతలకు ఎవరూ వివరించనక్కర్లేదు.

అయితే ఆ కాలేజీలోనే ప్రొఫెసర్ లూయీ పామెల్ ఉన్నారు. 1894లో డిగ్రీ పూర్తికాగానే కార్వర్‌ను సహాయ వృక్షశాస్త్రజ్ఞుడిగా తీసుకుని, గ్రీన్‌హౌస్ బాధ్యత అప్పగించారు.

గ్రీన్‌హౌస్ ఎందుకంత ముఖ్యమో చెప్పుకోవాలి. అయోవాలో చలికాలం నేలంతా మంచు. అద్దాల కింద వేడి, తడి మన చేతిలో ఉంటాయి గనుక ఏ కాలంలోనైనా మొక్క పెరుగుతుంది. అంతకన్నా పెద్ద ఉపయోగం ఇంకొకటి. బయటి తోటలో ఏ తేనెటీగ ఏ పువ్వు పుప్పొడి తెచ్చిందో ఎవరికీ తెలియదు. గాజు గదిలోనైతే పువ్వు విచ్చకముందే కేసరాలు తీసేసి, మనకు కావలసిన పుప్పొడిని కుంచెతో అద్ది, పువ్వుకు ముసుగు కట్టవచ్చు. పుట్టిన మొక్కకు తల్లి ఎవరో తండ్రి ఎవరో రాసి పెట్టుకోవచ్చు. అప్పుడే అది ప్రయోగం అవుతుంది. కార్వర్ డిగ్రీ సిద్ధాంత వ్యాసం కూడా మనిషి చేతిలో మొక్కలు ఎలా మారుతున్నాయన్న విషయం మీదే. బ్రహ్మజెముడు జాతి మొక్కలను అంటుకట్టడం గురించి విద్యార్థిగా ఉండగానే వ్యాసం రాశారు. అమరిల్లిస్ పూలను సంకరం చేయడం ఆయనకు జీవితాంతం ఇష్టమైన పని. పామెల్‌తో కలిసి మొక్కల తెగుళ్లు కలిగించే శిలీంధ్రాల మీద వ్యాసాలు ప్రచురించారు. ఆయన సేకరించిన శిలీంధ్రాల్లో ఒకదానికి తర్వాత కొల్లెటోట్రైకమ్ కార్వెరి అని పేరు పెట్టారు. ఒక సహోద్యోగి కొడుకు హెన్రీ వాలెస్‌ను వెంటబెట్టుకుని మొక్కలు చూపించేవారు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల కంపెనీ పెట్టి, 1941లో అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు.

1896లో ఎం.ఎస్. పట్టా వచ్చింది. ఏమ్స్‌లోనే ఉండిపొమ్మని ప్రొఫెసర్ల కోరిక. అదే సమయంలో అలబామా రాష్ట్రంలోని టస్కెగీ నుంచి బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు వచ్చింది. అది నల్లపిల్లల కోసం నల్లవాళ్లు నడిపే విద్యాసంస్థ. కార్వర్ వెళ్లిపోయారు.

ఈ నిర్ణయం మీద మా గదిలో చాలాసేపు వాదన జరిగింది. అక్కడే ఉంటే గొప్ప శిలీంధ్ర శాస్త్రజ్ఞుడో, గొప్ప విత్తన శాస్త్రజ్ఞుడో అయ్యేవారని కొందరం అన్నాం. అది నిజమే కావచ్చు. టస్కెగీలో ఆయనకు ప్రయోగశాల కూడా లేదు. పారేసిన సీసాలు, డబ్బాలు ఏరుకొచ్చి విద్యార్థులతో పరికరాలు తయారు చేయించారు. పాఠాలతో పాటు కోళ్ల ఫారం బాధ్యత కూడా నెత్తిన పడి, దాని మీద వాషింగ్టన్‌తో ఏళ్ల తరబడి పేచీ నడిచింది. ఏమ్స్‌లో మొదలైన పరిశోధన చాలావరకు ఆగిపోయింది. ఆ నష్టాన్ని దాచి ఆయన్ను పొగడటం మాకు ఇష్టం లేదు.

కానీ అక్కడ చుట్టూ ఉన్నది, పత్తి మీద పత్తి వేసి సారం చచ్చిన నేల. ఆ నేలను కౌలుకు దున్ని అప్పుల్లో కూరుకుపోయిన నల్లరైతులు. ఎరువు కొనే స్తోమత వాళ్లకు లేదు. అలసంద, వేరుశనగ వేస్తే వాటి వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందని, పంట మార్చమని కార్వర్ చెప్పారు. అయోవాలో కుండీకి కుండీకి పోల్చి చూసిన పద్ధతినే టస్కెగీ ప్రయోగ క్షేత్రంలో మడికి మడికి పోల్చి చూపించారు. అర్థమయ్యే భాషలో 44 బులెటిన్లు రాశారు. 1906లో బండి కట్టించి, పనిముట్లూ విత్తనాలూ రైతుల ఊళ్లకే పంపించారు. అనంతపురం వైపు నుంచి వచ్చిన మా మిత్రులకు వేరుశనగ అంటే అప్పు కూడా గుర్తొస్తుంది. ఒకే పంటను నమ్ముకుంటే ఏమవుతుందో వాళ్లకు వేరే చెప్పాలా? కార్వర్ పోరాటం కూడా ఒకే పంట మీదే.

ఆయన పెళ్లి చేసుకోలేదు. 1943 జనవరి 5న టస్కెగీలోనే కన్నుమూశారు. జీవితమంతా దాచిన సుమారు 60 వేల డాలర్లు టస్కెగీలో యువ పరిశోధకుల కోసం తాను ఏర్పాటు చేసిన ఫౌండేషన్‌కే చెందాయి.